పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడా?

నాకు కథ చెప్పడం నేర్పింది మా మేనత్త. కథ రాయడం ఆ తరువాత ఎందరో నేర్పారు. వారిలో విశ్వవిద్యాలయ ఆచార్యులున్నారు, ప్రబంధ కవులున్నారు, నేనెన్నడూ చూడని దేశాల రచయితలున్నారు. అయినా కలం పట్టి కూర్చున్న ప్రతిసారీ ముందుగా నా చెవిని పడేది ఆమె గొంతే.

మాది పల్నాటి సీమ. వినుకొండకు పది మైళ్ళ దూరంలో ఒక మెట్ట గ్రామం. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు పల్నాడు జిల్లాలో చేరింది. మా నాన్న ఆ ఊరి చిన్న ప్రార్థనామందిరానికి ఉపదేశి. వారమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించడం, ఆదివారం వాక్యం చెప్పడం ఆయన పని. మేనత్త చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చింది. బైబిలు, కీర్తనల పుస్తకం తప్ప మూడో పుస్తకం ఆమె ఎరుగదు. పగలంతా మిరపచేలకు కూలికి పోయేది. రాత్రి భోజనాలయ్యాక వసారాలో లాంతరు వెలిగించి, నన్నూ తమ్ముణ్ణీ ఇరుగుపొరుగు పిల్లల్నీ చుట్టూ కూర్చోబెట్టుకొని సువార్తల్లోని కథలు చెప్పేది.

ఆమె నోట పాలస్తీనా దేశం పల్నాడైపోయేది. తప్పిపోయిన కుమారుడు తన వాటా ఆస్తి పట్టుకొని దూరదేశం పోయేటప్పుడు వినుకొండలో రైలెక్కేవాడు. అక్కడ కరువు వస్తే చెరువులు మా ఊరి చెరువులాగానే నెర్రెలిచ్చేవి. ఇక్కడ తండ్రి ప్రతి సాయంకాలమూ ఊరి చివర దిబ్బ మీద నిలబడి, కంటికి చేయి అడ్డం పెట్టుకొని దారి వంక చూసేవాడు. కొడుకు ఆనవాలు పట్టగానే ఆ ముసలాయన పంచె ఎగగట్టి పరుగు తీసేవాడు. ఆ పరుగు చెప్పేటప్పుడు అత్త గొంతుకూడా ఎగశ్వాస పడేది.

చాలామంది ఆ కథను అక్కడితో, విందుతో ముగిస్తారు. మా అత్త ముగించేది కాదు. పొలం నుంచి పెద్దకొడుకు వస్తాడు. ఇంట్లో వాద్యాల చప్పుడు విని సంగతేమిటని పనివాణ్ణి అడుగుతాడు. తమ్ముడు వచ్చాడని తెలిసి, కోపగించి, గుమ్మం బయటే నిలబడిపోతాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలుతాడు. సరిగ్గా అక్కడ ఆమె ఆగేది.

"తరవాత లోపలికి వెళ్ళాడా, అత్తా?" అని మేమందరం ఒక్కసారిగా అడిగేవాళ్ళం.

"ప్రభువే చెప్పలేదు. చెప్పడానికి నేనెవర్ని? పొద్దుపోయింది, పడుకోండి," అనేది.

లూకా సువార్త 15వ అధ్యాయం నిజంగానే అక్కడ ముగుస్తుంది. తండ్రి మాటతో కథ ఆగిపోతుంది. పెద్దకొడుకు ఏం చేశాడో చెప్పదు. ఇది ఒక గొప్ప కథాశిల్ప రహస్యమని విమర్శ గ్రంథాలు చదివిన తరువాత తెలుసుకున్నాను. ఆ వయసులో మాత్రం అది నిద్రపట్టనివ్వని బాధగా ఉండేది. తమ్ముడు నా పక్కనే పడుకొని, "వెళ్ళే ఉంటాడు లేరా అన్నయ్యా, కూర వాసన వస్తుంటే ఎవడైనా బయట ఉంటాడా?" అనేవాడు. నేను మాత్రం వెళ్ళి ఉండడని వాదించేవాణ్ణి.

ఇల్లు అట్లా ఉంటే, బయట మరో రెండు ప్రవాహాలు నన్ను తడిపాయి. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాటకూ పైన రాగమూ తాళమూ రాసి ఉండేవి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి వారు కూర్చిన ఆ పాటలు క్రీస్తు భక్తిని తెలుగు సంగీతపు అచ్చులో పోసి పెట్టాయి. కాబట్టి విశ్వాసం ఒక గదిలో, తెలుగు మరొక గదిలో ఉంటాయని నాకు ఏనాడూ అనిపించలేదు. రెండో ప్రవాహం జాషువా. ఆయన 1895లో పుట్టింది వినుకొండలోనే. మా నాన్న ఆయన పద్యాలను వాక్యం చదివినంత శ్రద్ధగా చదివేవాడు. శివరాత్రికి పక్క ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం ఆడితే, కాటిసీనులో వచ్చే జాషువా పద్యాల కోసం నడిచిపోయేవాళ్ళం. క్రైస్తవుడై పుట్టినవాడు రాసిన పద్యాలు హరిశ్చంద్రుడి నోట పలుకుతుంటే, వేషధారికి "వన్స్ మోర్" కొట్టే జనంలో కులమతాల తేడా కనబడేది కాదు.

జాషువా జీవితం గురించి పెద్దయ్యాక చదివాను. అంటరానివాడని ఊరు ఆయనను దూరం పెట్టింది. పురాణకథలు రాస్తున్నాడని స్వమతంలోని కొందరు పెద్దలు ఆక్షేపించారు. ఆయన ఇటు చూస్తే ఒక మూసిన తలుపు, అటు చూస్తే మరొకటి. 1941 నాటి 'గబ్బిలం'లో గుడిలోకి అడుగుపెట్టలేని మనిషి తన మొరను ఒక గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి చెప్పి పంపుతాడు. అదే కవి 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. రెండు కావ్యాలనూ రాసిన చేయి ఒక్కటే. రెండు చోట్లా ఆయన తలుపు తడుతూనే ఉన్నాడని నాకనిపిస్తుంది.

నేను తెలుగు చదువుకొని, పింగళి సూరన మీద పరిశోధన చేశాను. పురాణాలలో లేని కథను తానే కల్పించి 'కళాపూర్ణోదయం' రాసిన ఆ 16వ శతాబ్దపు కవిలో నాకు ఒక నవలాకారుడు కనిపించాడు. పరిశోధన కాలంలో ఒకాయన, "మీరు క్రైస్తవులు కదా, మీకు ప్రబంధాలతో పనేమిటండీ?" అని అడిగాడు. కాటిసీను పద్యాలు వింటూ పెరిగిన నాకు ఆ ప్రశ్న అర్థం కావడానికే కొంతసేపు పట్టింది. నవ్వి ఊరుకున్నాను.

కాబట్టి ప్రేరణకు నాకేనాడూ కరువు లేదు. కరువైంది ప్రోత్సాహం. ఈ రెండు మాటలనూ మనం జంటగా వాడుతూ ఉంటాం గాని, వాటి స్వభావాలు వేరు. ప్రేరణ గ్రంథంలో దొరుకుతుంది, చెట్టులో దొరుకుతుంది, వెయ్యేళ్ళ కిందటి పద్యంలోనూ దొరుకుతుంది. ప్రోత్సాహం మాత్రం బతికి ఉన్న మనిషి దగ్గరే దొరకాలి.

1998లో ఒక కథ రాశాను. కూతురి పెళ్ళికి చేసిన అప్పు తీర్చలేక ఒక ఉపదేశి కానుక సంచిలోని డబ్బు వాడుకుంటాడు, నెలలోపల తిరిగి అందులోనే వేస్తాడు, ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే అతనికి శిక్ష అవుతుంది. ఆ కథను ఒక పత్రికకు పంపితే, మతప్రచార రచనలు వేసుకోబోమని రెండు వాక్యాల జవాబుతో తిరిగి వచ్చింది. మా సంఘపెద్ద ఒకాయనకు చూపిస్తే, "ఉపదేశిని దొంగను చేస్తావా నాయనా? చివర అతను పశ్చాత్తాపపడి సాక్ష్యం చెప్పినట్టు రాయి, మన పత్రికలో వేయిస్తాను," అన్నాడు. ఒకరికి అందులో దేవుడు ఎక్కువయ్యాడు, ఇంకొకరికి తక్కువయ్యాడు. ఇద్దరిమీదా నాకు కోపం రాలేదంటే అది అబద్ధం. ఆ సంఘపెద్ద మంచివాడు. కథలోని మనిషికి అతను చెప్పిన ముగింపు కన్నా గట్టి పశ్చాత్తాపం అప్పటికే ఉందని ఆయనకు చెప్పడం నాకు చేతకాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, అది ఆయనకు కనబడేట్టు రాయడం కూడా నాకు చేతకాలేదేమో.

ఇంతలో మా ఇంట్లో మరో కథ నడిచింది. తమ్ముడు తన వాటా ఎకరంన్నర అమ్ముకొని హైదరాబాదు వెళ్ళాడు. వ్యాపారమన్నాడు. అది మునిగింది. నాన్న అనారోగ్యంలో ఉంటే వాడి జాడ లేదు. మందులకూ, ఆసుపత్రికీ తిరిగినవాణ్ణి నేను. 2003లో ఒక శనివారం కళాశాల అయ్యాక ఊరికి వెళ్ళాను. అరుగు ముందు తెలియని చెప్పులజత ఉంది, ఒక చెప్పుకు తాడు ముడి వేసి. లోపల తమ్ముడి గొంతు, నాన్న నవ్వు. కోడికూర వాసన వీధిలోకి వస్తోంది. ఆ నవ్వు విని నాకు చాలా కాలమైంది. నేను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు తిరిగాను. ఆఖరి బస్సు పట్టుకొని నరసరావుపేట చేరాను. మా అత్త కథలోని మనిషినే నేను చేస్తున్నానన్న స్పృహ ఆ రాత్రి నాకు కలగలేదంటే నమ్ముతారా? బస్సు కిటికీ పక్కన కూర్చొని నా ధర్మం ఎంత గొప్పదో తలచుకుంటూ వచ్చాను.

మరుసటి సంవత్సరం నవల మొదలుపెట్టాను. ఇద్దరు అన్నదమ్ములు, మిరపతోట, వృద్ధుడైన తండ్రి. పది అధ్యాయాలు నీటివాలుగా సాగాయి. పదకొండో అధ్యాయంలో పెద్దవాడు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇక కలం కదలలేదు. 2006లో నాన్న పోయాడు. సమాధి దగ్గర నేను ఒక పక్కన, తమ్ముడు రెండో పక్కన నిలబడి మట్టి వేశాం. రాతప్రతిని అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించాను. రెండేళ్ళు దాన్ని ముట్టుకోలేదు.

ఆ రోజుల్లో మా కళాశాలలోని ఆంగ్ల అధ్యాపకుడొకరు నాకు ఒక పుస్తకం ఇచ్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో నివసించిన ఇద్దరు మిత్రుల చరిత్ర అది: జె.ఆర్.ఆర్. టోల్కీన్, సి.ఎస్. లూయిస్. టోల్కీన్ ప్రాచీన ఆంగ్ల భాషాచార్యుడు, నిష్ఠగల కాథలిక్కు. లూయిస్ యవ్వనమంతా నాస్తికుడు. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి మోడ్లిన్ కళాశాల ఆవరణలో చెట్ల కింద నడుస్తూ, మరో మిత్రుడితో కలిసి వాళ్ళు పురాణగాథల గురించి వాదించుకున్నారు. ప్రాచీన గాథలు మనసును కదిలించగలిగినప్పుడు, చరిత్రలో నిజంగా జరిగిన గాథ ఒకటి ఎందుకు ఉండకూడదని టోల్కీన్ వాదన. ఆ తరువాత కొద్ది రోజులకే లూయిస్ క్రైస్తవ విశ్వాసం స్వీకరించాడు. ప్రబంధాలు చదివి బతికే నాకు ఆ రాత్రి నడక ఎంతో దగ్గరగా తోచింది. పురాణకథ మీది ప్రేమ ఒక మనిషిని విశ్వాసానికి దూరం చేయలేదు, చేర్చింది.

అంతకన్నా నన్ను పట్టి నిలిపింది ఆ తరువాతి కథ. గురువారం రాత్రులు లూయిస్ గదిలో కొందరు మిత్రులు చేరేవారు. తమను తాము ఇంక్లింగ్స్ అని పిలుచుకునేవారు. ఎవరి రాతప్రతి వారు గొంతెత్తి చదవాలి, మిగిలినవారు మొహమాటం లేకుండా విమర్శించాలి. టోల్కీన్ 1937 చివర 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదలుపెట్టాడు. 1949 దాకా అది పూర్తికాలేదు. పన్నెండేళ్ళు! యుద్ధం, పరీక్షపత్రాలు, ఆరోగ్యం, అన్నిటికన్నా మించి రాసినదాన్నే మళ్ళీ మళ్ళీ దిద్దే అలవాటు. నెలల తరబడి ఆగిపోయేవాడు. ఆగినప్పుడల్లా లూయిస్ వెంటపడేవాడు. అది మూడు సంపుటాలుగా 1954, 1955లలో వెలువడింది. లూయిస్ ప్రభావం తన రాతమీద లేదని, ఆయన ఇచ్చింది కేవలం ప్రోత్సాహమని, అది లేకపోతే పుస్తకమే ముగిసేది కాదని టోల్కీన్ తరువాత చెప్పుకున్నాడు. లూయిస్ రాసిన నార్నియా కథలు మాత్రం టోల్కీన్‌కు నచ్చలేదు. ఆ విషయం చదివి నాకు సంతోషమైంది. మిత్రుడు రాసిన ప్రతిదీ మెచ్చుకోవాలన్న నియమం ప్రోత్సాహానికి లేదన్నమాట.

ఆ పుస్తకంలోనే ఒక పిల్లవాడు కూడా ఉన్నాడు. టోల్కీన్ మొదటి నవల 'ది హాబిట్'ను అచ్చువేయాలా వద్దా అని 1936లో ప్రచురణకర్త ఆలోచిస్తూ, పదేళ్ళ తన కొడుకు రేనర్‌కు ఇచ్చి చదవమన్నాడు. చదివి అభిప్రాయం రాసినందుకు ఒక షిల్లింగు ఇచ్చాడు. పిల్లవాడు బాగుందన్నాడు. 1937లో పుస్తకం వచ్చింది. పెద్దవాడై అదే సంస్థలో పనిచేసిన రేనర్, నష్టం వస్తుందేమోనన్న భయం ఉన్నా, 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ప్రచురణకు పట్టుబట్టాడు.

చదువుతుండగా మన వాఙ్మయం మొత్తం నాకు కొత్తగా కనిపించింది. నైమిశారణ్యంలో శౌనకాది మునులు అడగకపోతే సూతుడు నోరు విప్పేవాడా? జనమేజయుడు అడిగాడు కాబట్టే వైశంపాయనుడు భారతం చెప్పాడు. ఏడు రోజుల ఆయుష్షు మాత్రమే మిగిలిన పరీక్షిత్తు వింటానన్నాడు కాబట్టే శుకుడు భాగవతం చెప్పాడు. మన పెద్దలు కథకు ముందు శ్రోతను కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళుగా పీఠికల్లో వాటిని దాటుకుంటూ పోయాను, లాంఛనమనుకొని. నన్నయ సంగతి మరీ విశేషం. భారత రచనలో తనకు నారాయణభట్టు తోడుపడ్డాడని, భారతయుద్ధంలో నరునికి నారాయణుడు తోడైనట్లు అని ఆయన కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. రాజరాజనరేంద్రుడు ఆ నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారం ఇచ్చిన శాసనం ఉంది. అది రాసింది నన్నయభట్టే. రాజమహేంద్రవరంలో తొమ్మిది వందల ఏళ్ళ ముందే మనకొక ఆక్స్‌ఫర్డ్ ఉండేదన్నమాట! తరగతిలో ఈ మాట అంటే పిల్లలు నవ్వుతారు. నవ్వినా గుర్తుపెట్టుకుంటారు.

నాకు మాత్రం లూయిస్ ఎవరు? నారాయణభట్టు ఎవరు?

2007లో అత్తకు చూపు మందగించింది. నీటికాసులని, పోయిన చూపు తిరిగి రాదని వైద్యులు చెప్పారు. ఆమెను నరసరావుపేటలో మా ఇంటికి తీసుకువచ్చాను. ఆమెకు చూపు పోయినందుకన్నా బైబిలు చదువుకోలేకపోతున్నందుకు బాధ ఎక్కువ. ఆదివారాలు మందిరం నుంచి వచ్చాక నేను చదివి వినిపించేవాణ్ణి. ఒక ఆదివారం, 2008లో, చదవడం అయ్యాక ఆమె అడిగింది:

"నువ్వేదో అన్నదమ్ముల కథ రాస్తున్నావని మీ నాన్న చెప్పేవాడు. ఏమైంది అది?"

"ఆగిపోయింది అత్తా."

"ఎక్కడ?"

"పెద్దవాడు గుమ్మం దగ్గర."

ఆమె కాసేపు ఏమీ అనలేదు. "ఆగినకాడి దాకా చదువు," అంది.

అటక మీది పెట్టె దింపాను. వారానికొక అధ్యాయం చదివాను. పురాణ పఠనం విన్నట్టు కళ్ళు మూసుకొని వినేది. ఆమె చేసిన విమర్శ నా పరిశోధన గ్రంథాన్ని పరీక్షించిన ఆచార్యులు కూడా చేయలేదు. మిరప కోతకు పోయినవాళ్ళు మధ్యాహ్నం చెట్టు కింద కూర్చొని అంత పొడుగు మాటలు మాట్లాడుకోరంది. కళ్ళల్లో చెయ్యి పెట్టుకోకుండా చూసుకోవడానికే వాళ్ళకు సరిపోతుందంది. కల్లంలో కాయలు ఎండబోసే వరస నేను తప్పు రాస్తే సరిచేసింది. నాలుగో అధ్యాయంలో తండ్రి చేసే ప్రార్థన విని, "ఇది మీ నాన్న ప్రార్థన కాదు, పుస్తకంలో ప్రార్థన. మీ నాన్న దేవుడితో పోట్లాడేవాడు," అంది. పది అధ్యాయాలూ విన్నాక అసలు మాట చెప్పింది.

"పెద్దవాడు మరీ మంచివాడుగా ఉన్నాడు నాయనా. వాడి కోపం ఏది? ఏళ్ళ తరబడి చాకిరీ చేసినవాడికి కోపం ఉండదా? నువ్వు వాణ్ణి కాపాడుకుంటున్నావు. అందుకే వాడు కదలడం లేదు."

నేను పుస్తకం మూశాను. ఆ సాయంత్రం 2003 నాటి శనివారం గురించి మొదటిసారి ఆమెకు చెప్పాను. తాడు ముడివేసిన చెప్పుల దగ్గర్నుంచి ఆఖరి బస్సు దాకా అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "తెలుసు. వీధిలో నీ నడక విన్నాను. నీ పళ్ళెం కడిగి పెట్టి పొద్దుపోయేదాకా చూశాం," అంది.

నవలను మొదటి వాక్యం నుంచి తిరిగి రాశాను. ఇంకో మూడేళ్ళు పట్టింది. ఈసారి పెద్దవాడి కోపానికి నేను అడ్డం రాలేదు.

ఆ కాలంలోనే దోస్తోయెవ్‌స్కీని మళ్ళీ చదివాను. రాజద్రోహ నేరం మీద సైబీరియాకు పోతూ 1850లో తొబోల్స్క్ పట్టణంలో ఆగినప్పుడు, అంతకు ముందే శిక్షపడిన విప్లవకారుల భార్యలు ఆయన చేతిలో ఒక కొత్త నిబంధన గ్రంథం పెట్టారు. ఓమ్స్క్ చెరసాలలో నాలుగేళ్ళూ అది ఆయనకు తోడు. 'నేరము–శిక్ష' నవలలో సోనియా, హంతకుడైన రస్కోల్నికోవ్‌కు లాజరు తిరిగి లేచిన వృత్తాంతం చదివి వినిపించే ఘట్టం ఉంది. ఆ రాత్రి వాళ్ళిద్దరిలో ఎవరూ మారిపోరు. రచయిత తొందరపడలేదు. మా సంఘపెద్దకు ఆ ఘట్టం చూపించి ఉండవలసింది. 1881లో మరణశయ్య మీద ఆ రచయిత తన పిల్లలను పిలిపించుకొని తప్పిపోయిన కుమారుడి ఉపమానం చదివించాడని ఆయన కుమార్తె రాసింది. ఆ సంగతి అత్తకు చెప్తే, "రష్యాలో కూడా అదే కథా?" అని సంతోషపడి, "పెద్దకొడుకు సంగతి ఆయనకేమైనా తెలిసిందా?" అని అడిగింది.

2011 వర్షాకాలంలో అత్తకు జబ్బు చేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కూర్చొని చివరి అధ్యాయం చదువుతున్నాను. బయట ముసురు. పెద్దవాడు చాలాసేపు చీకట్లో నిలబడి, చివరికి చేయి చాచి తలుపు పట్టుకుంటాడు. ఆ వాక్యం చదువుతుండగా గుమ్మం దగ్గర అలికిడైంది. అత్తను చూడడానికి తమ్ముడు వచ్చాడు. ఎవరు కబురు పెట్టారో నాకు తెలుసు. మా ఆవిడ ముఖం అటు తిప్పుకుంది. వాడు తడిసిపోయి, చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. జుట్టు సగం నెరిసింది. నేను చదవడం ఆపేశాను.

"ఆపావేం? చదువు," అంది అత్త. ఎవరు వచ్చారో ఆమెకు తెలియదనుకున్నాను. చెప్పాను కదా, ఆమె నడకలు వినగలదు.

గొంతు సవరించుకొని ఆ వాక్యాన్నే మళ్ళీ చదివాను. పెద్దవాడు తలుపు రెక్కను తనవైపుకు లాగాడు అని ఉంది అందులో.

గుమ్మంలోంచి తమ్ముడు మెల్లగా అన్నాడు: "లాగడం కాదన్నయ్యా. మన ఇంటి తలుపు నెట్టాలి. వానాకాలంలో ఉబ్బి పట్టేస్తుంది, భుజంతో నెడితేగాని రాదు."

ఎనిమిదేళ్ళ తరువాత వాడు నాతో అన్న మొదటి మాట అది. వాడు చెప్పింది నిజం. ఆ తలుపు నాకూ తెలిసినదే. బయటనే నిలబడి రాశాను కాబట్టి మరచిపోయాను.

"వాడికి తువ్వాలివ్వు," అంది అత్త. "తల తుడుచుకున్నాక మొదటినుంచి చదువు. వాడు వినలేదుగా."

అత్త 2012లో వెళ్ళిపోయింది. నవల మరుసటి ఏడు అచ్చయింది, నా సొంత ఖర్చుతో, 500 ప్రతులు. చివరి పుటలో పెద్దవాడు తలుపును భుజంతో నెడతాడు. ఆ మాట మా తమ్ముడిది. తలుపు తెరుచుకున్నదీ లేనిదీ నేను రాయలేదు. పుస్తకం చదివి తమ్ముడు ఊరి నుంచి ఫోను చేశాడు. "వెళ్ళే ఉంటాడు లే అన్నయ్యా," అన్నాడు.